గుంట మట్టి

గోసాని నువాగాం, బరంపురం
12 మే 2024

లోకనాథ్,

చిరంజీవి అని రాయబోయి కొట్టేశాను. ఆశీస్సులు కూడా ఈసారికి లేవు.

ఫోనులో నీ నెంబరు తీసేశాను. ఫోనులో అయితే ఈ అక్క మొదటి మాట ముగించేలోపే "అప్పా, అప్పా" అని నవ్వేసి అసలు సంగతి మింగేస్తావు. కాగితంతో ఆ నవ్వులాట కుదరదు. అందుకే దీన్ని పురుషోత్తంపూర్ బస్సు డ్రైవరు తాతారావు చేత పంపుతున్నాను. జవాబంటూ ఉంటే అతని చేతే పంపు.

మార్చిలో విశాఖలో నా మోకాలు కోసి పడుకోబెట్టారు. నువ్వు వచ్చావు. యాపిల్ పళ్ళు తెచ్చావు. నా మంచం పక్కన కూచుని నీ చేత్తోనే తొక్క తీసి, ముక్కలు కోసి, "తిను అప్పా, పీక్కుపోయావు" అన్నావు. మధ్య మధ్య ఫోను పట్టుకుని వరండాలోకి పోయి మాట్లాడి వచ్చావు. కుమారి కాబోలు, ఇంటి దగ్గర మొగుడి కోసం బెంగ పెట్టుకుంది పాపం అనుకున్నాను. కుమారి కాదట. జేసీబీ వాడట. నా నోట్లో యాపిల్ ముక్క పెడుతూనే మన నీళ్ళ గుంట పూడ్పించావు.

నాన్న పొలం నీకిచ్చాడు, ఈ ఇల్లు నాకిచ్చాడు. గుంట ఒక్కటీ పంచలేదు. ఇద్దరి పేరునా సగం సగం ఉంచాడు. "ఇద్దరిదీ అయితే ఎవడూ ఒక్కడే నాశనం చెయ్యలేడు" అన్నాడు. నాన్నకి మనుషుల మీద అంత నమ్మకం ఉండకపోవాల్సింది.

ఆ గుంటలో నివ్వరి ఉండేది. నీకది గడ్డి. కాలేజీలో బోటనీ చెప్పుకుని బతికే నాకు, మనం తినే వరికి అది ముత్తవ్వ. ఎవరూ దున్నకుండా, నాటకుండా తనంతట తాను మొలిచే అడవి వరి. నాకు ఉద్యోగం వచ్చిన నాటి నుంచీ ప్రతి వానాకాలం ఆ బురదలో దిగి దాన్ని చూశాను. నాకంటే ముందు అమ్మ చూసింది. ఋషి పంచమి నాడు నాగలి తగలని గింజే తినాలి గనక మన పొలం పనికొచ్చే కూర్మమ్మ చేత నివ్వరి ఏరించి వండుకునేది. ఆడదాని నెలసరిని పాపమని ఒప్పించి, దానికి ప్రాయశ్చిత్తం చేయించే ఆ వ్రతమంటే నాకు అసహ్యం. అమ్మతో ఎన్నిసార్లు దెబ్బలాడానో నీకు తెలుసు. కానీ ఆ వ్రతం ఉన్నన్నాళ్ళూ ఆ గుంట జోలికి ఎవడూ పోలేదు. ఏ వ్రతమూ లేని నువ్వు పోయావు.

కూర్మమ్మ ఏటా గేట్ బజార్లో పంచమి ముందు రోజు ఆకు పొట్లాలు కట్టి ఆ గింజ అమ్ముకునేది. ఆవిడ్ని అడిగావా? నన్నే అడగనివాడివి ఆవిడ్నేం అడుగుతావు!

నీ అప్ప అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

హేమ


మనూరు
19 మే

అప్పా,

నువ్వు సిరంజీవి కొట్టీసినావు గానీ నాను దండాలు కొట్టీలేను. దండాలు. మోకాలు ఎలాగున్నాది? మెట్లెక్కకు.

ఆసుపత్రిలో ఎందుకు సెప్పలేదంటావు. సెప్తే నువ్వు కట్లు పీక్కుని బస్సెక్కీదానివి. డాక్టరు నన్ను తన్నీవోడు. నీ మోకాలి కోసమే నోరు మూసుకున్నాను, ఇప్పుడది నేరమైపోనాది.

మన గుంట ఎందుకు తీసేనో నింపాదిగా ఇను. నాను ఇత్తనం పండిస్తున్నాను. తినీ ధాన్యం కాదు, కంపెనీ సంచీలో కట్టి రైతులకి అమ్మీ ఇత్తనం. దాన్ని రోడ్డు మీద ఆరబోస్తే లారీలు తొక్కుతాయి, పక్కోడి ధాన్యం కలుస్తాది. సిమెంటు కళ్ళం ఉంటేగానీ మరి ఒప్పందం రాయనని కంపెనీ సోమేశ్వరరావు తెగేసి సెప్పీసినాడు. ఊరు దగ్గర కళ్ళానికి సాలినంత సోటు అదొక్కటే. నీ సగం ఎక్కడికీ పోలేదు, కళ్ళంలో సగం నీది. ఒచ్చి వడియాలు పెట్టుకో.

నివ్వరి అంటావా, గోపాలపూర్ కాడ ఉప్పుటేరు పొడుగునా అదే గడ్డి ఉన్నాది. నువ్వే సూపించేవు. ఇది పోతే అది సూసుకో. ఆటో దిగితే సాలు, బురదలో దిగక్కర్లేదు, మోకాలికీ మంచిది.

ఒక్క సంగతి అడగాల. మెత్తటి మట్టి మీద కళ్ళం కుంగిపోద్దని అడుగునున్న నల్లమట్టి అంతా తోడించి, ఎర్రకంకర పోయించేను. ఆ నల్లమట్టి దిగువ మడి గట్టు మీద కొండలాగున్నాది. నాన్న యేసవిలో గుంట మట్టి తోలీవోడు కదా మళ్ళకి. నన్నూ తోలమంటావా? గడ్డి గింజలు ఏటైనా ఉన్నా ఈ ఎండకి మాడి సచ్చుంటాయి. నువ్వు సదువుకున్నదానివి, ఒక్క ముక్క సెప్పు.

కుమారి నిన్నడిగినట్టు రాయమన్నాది.

నీ తమ్ముడు
లోకనాథ్


బరంపురం
27 మే

లోకనాథ్,

నీ ఉత్తరం చదివాను. కోపం దిగలేదు గానీ జవాబు రాస్తున్నాను.

ఉప్పుటేరు గట్టు మీద ఉన్నదీ ఇదీ ఒకటే అన్నావు. నీకు గుర్తు లేదు. మట్టి కుండీలు నీ మోటారు సైకిలు మీద మోసింది నువ్వే. అక్కడి గింజ తెచ్చి మన గుంటలో మొలిపించాం, మన గింజ పట్టికెళ్ళి అక్కడ మొలిపించాం. మనది ఆ ఉప్పుకి ఆకు కొసల నుంచి మాడి చచ్చింది. అక్కడిది మన గుంటలో ఏపుగా పెరిగింది. "సూసేవా అప్పా, మన నీళ్ళు తాగితే ఎవడైనా లావెక్కుతాడు" అని నువ్వు చంకలు కొట్టుకున్నావు. తరవాతేమైంది? అది వెన్ను తీసేలోగా గుంట ఎండిపోయింది. ఒక్క గింజ పట్టలేదు. మన నివ్వరి అయితే ఆ గుంట ఎండే వేళకి సరిగ్గా ముందే గింజ రాల్చేస్తుంది. దానికి పంచాంగం ఎవరూ చెప్పలేదు. ఆలస్యం చేసినవన్నీ పిల్లలు లేకుండా చచ్చాయి. చేయనివి మిగిలాయి. వేల ఏళ్ళు అలా చచ్చి చచ్చి ఆ గుంటకి సరిపోయిన మొక్క అది. మళ్ళీ ఆ ఒక్క గుంటలోనే గట్టువార మొక్క పొట్టిగా తొందరగా పూస్తుంది, లోతులోది పొడుగ్గా నిదానంగా పూస్తుంది. ఒకదానికొకటి పోలిక లేదు. ఆ తేడాలే దాని ఆస్తి. వాన ముందొచ్చిన ఏడు ఒకటి బతికిస్తుంది, వెనకొచ్చిన ఏడు ఇంకొకటి.

నువ్వు అమ్మే సంచి మీద "శుద్ధ విత్తనం" అని అచ్చేస్తారు. శుద్ధి అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ దేశంలో శుద్ధి పేరు చెప్పి బావుల నుంచి తరిమారు, వంటిళ్ళ నుంచి తరిమారు, ఇప్పుడు మళ్ళలోంచి తరుముతున్నారు. అన్ని మొక్కలూ ఒకే ఎత్తు, ఒకే రోజు పూత. ఒక్క తెగులొస్తే ఒక్క రాత్రిలో అన్నీ పోతాయి. అప్పుడు మందు కోసం మీ కంపెనీలు ఏ గుంటలో గింజ వెతుక్కుంటాయో తెలుసా? ఇలాంటి గుంటలోనే. నువ్వు కంకర పోసిన గుంటలో.

సరే. మట్టి సంగతి అడిగావు. తోలించు. గుంట మట్టిని మించిన ఎరువు లేదు. నాన్న ఏమీ తెలీకుండానే తోలేవాడా? ఆ కుప్పని ఇంకో పది రోజులు బాగా ఎండనిచ్చి, అప్పుడు మళ్ళన్నిటికీ సమంగా చల్లించు. ఏ మడీ వదలకు.

నీ అప్ప
హేమ


మనూరు
18 ఆగస్టు

అప్పా, దండాలు, దండాలు!

జవాబు ఆలీసమైపోనాది, నాట్లలో మునిగిపోయేను. "నీ అప్ప" అని రాసేవు సూడు, ఆ కాగితం కుమారికి సూపించేను. "అప్పగారు కరిగేరండీ" అన్నాది. మా అప్ప కోపం మిరపకాయ బజ్జీ, నోరు మండుతాది గానీ కడుపులో ఏటీ ఉండదు అన్నాను.

నువ్వు సెప్పినట్టే సేసేను. మట్టి ఎండనిచ్చి అన్ని మళ్ళకీ తోలించేను. సేను ఎలాగున్నాదంటే దిష్టి తీయాల! సోమేశ్వరరావు గట్టు మీద నిలబడి "ఏటి పోసేవయ్యా" అన్నాడు. "మా అప్ప సలహా పోసేను" అన్నాను.

కళ్ళం అయిపోనాది. అద్దంలాగున్నాది. 

ఇంకో సంగతి, నువ్వు సంతోసిస్తావు. పేదోళ్ళు, పేదోళ్ళు అని నువ్వు మీటింగుల్లో అరుస్తావు కదా, నీ మాట ఇన్నాను. కూర్మమ్మకీ దాని మొగుడు సూరయ్యకీ దిగువ మడి పంటలో పాలుకి ఇచ్చీసేను. పంట కంపెనీ ఇత్తనంగా తీసుకుంటే ఆళ్ళ పాలు కూడా ఇత్తనం ధరకే పోద్ది. కూర్మమ్మ తెగ సంబరపడిపోతున్నాది. కూతురు కీర్తిని నర్సు సదువులో ఏస్తాదట. పంచమికి నివ్వరి లేదని మొన్న సణిగింది గానీ, "నివ్వరి అమ్మితే నర్సవుద్దేటే పిల్ల?" అంటే నవ్వీసింది. మట్టి కూడా ఆళ్ళ మడికే ఎక్కువ పడ్డాది. కుప్ప పక్కనే కదా, మిగిలిందంతా అందులోకే లాగించీసేను.

పంటకి రా. నీ తమ్ముడి కళ్ళం సూద్దువు.

లోకనాథ్


బరంపురం
25 ఆగస్టు

లోకనాథ్,

దిగువ మడి కూర్మమ్మకి ఇస్తున్నానని ముందే ఎందుకు రాయలేదు?

సరే, అది వదిలెయ్. ఒక పని చెయ్యి. దిగువ మడిలోకి దిగి దుబ్బుల మొదళ్ళు చూడు. మామూలు వరి మొదలు ఆకుపచ్చగా ఉంటుంది. ఊదా రంగు తిరిగినవి ఏమైనా ఉన్నాయేమో చూసి రాయి. ఉంటే ఏం చెయ్యాలో తరవాత చెబుతాను. మిగతా మళ్ళ సంగతి నాకు అక్కర్లేదు. దిగువ మడి ఒక్కటే.

వెంటనే రాయి.

హేమ


బరంపురం
15 సెప్టెంబరు

లోకనాథ్,

జవాబు లేదేం? తాతారావుని అడిగితే ఉత్తరం నీ చేతికే ఇచ్చానంటున్నాడు. నువ్వు చదివి, నవ్వి, జేబులో పెట్టుకున్నావట.

నవ్వడానికి అందులో ఏముంది?

ఊదా మొదళ్ళు ఉన్నాయా, లేవా?

హేమ


మనూరు
20 అక్టోబరు

అప్పా, దండాలు.

ఇన్నాళ్ళూ కావాలనే రాయలేదు. ముందే సెప్తే మజా ఉండదు కదా.

నువ్వు ఊదా రంగు అని రాసినప్పుడే నాకు ఎలిగింది. ఇరవై ఏళ్ళు నీ కుండీలు మోసినవోడిని, ఆమాత్రం తెలీదేటి? నీ నివ్వరి సావలేదు! మట్టిలో దాక్కుని ఒచ్చీసింది. నువ్వు అడగలేక అడిగేవు. "నా మొక్కలు బతికున్నాయేమో సూడరా" అని నోరిప్పి అనడానికి మా అప్పకి పౌరుషం అడ్డొచ్చింది. అందుకే నవ్వేను. 

మడిలోకి దిగి సూసేను. ఉన్నాయి. అన్ని మళ్ళలోనూ ఉన్నాయి! ఇత్తనం సేలో అడివి వరి కనపడితే ఇత్తనాల ఇనిస్పెక్టరు ఇంకేటీ సూడడు, ఇత్తనానికి పనికిరాదని మడి మొత్తం కొట్టీస్తాడు. నువ్వు ఆ ముక్క రాయకపోతే వెన్ను తీసేదాకా నాకూ తెలిసీది కాదు. మొదలు రంగు తప్ప అచ్చం వరే. నన్ను నిలబెట్టేవు అప్పా. కూలోళ్ళని దించి నా మళ్ళలో ఊదావి ఒక్కటి లేకుండా పీకించీసేను.

దిగువ మడిలో మాత్రం ఒక్కటి ముట్టనివ్వలేదు. కూర్మమ్మా సూరయ్యా తెలిసి పీకబోయేరు. "ముట్టుకోకండి, అవి మా అప్పవి" అని కేకలేసేను. ఆ మడి నీకోసం ఉంచేను.

మొన్న ఇనిస్పెక్టరు ఒచ్చేడు. నా మళ్ళన్నీ పాసు. దిగువ మడి గట్టు మీదే ఆగిపోయి "బాలుంగా, ఆజ్ఞా", అడివి వరండీ అని ఒడియాలో గొణిగి కొట్టీసేడు. కొట్టీనీ! అది ఉత్త ధాన్యం కింద పోద్ది. నీ గుంట తీసేనని కదా నీ ఏడుపు, ఇదిగో గుంటకి బదులు మడి. ఎర్రటి వెన్నులు, ఇంతింత మీసాలు, గాలికి నిగనిగలాడిపోతున్నాయి. రాలిపోకముందే ఒచ్చి సూసుకో.

కూర్మమ్మ మొహం ముడుసుకుంది. సూరయ్య రెండ్రోజులు పనికి రాలేదు. ఆళ్ళకి ఆనక ఏటో సర్దుతాను లే. నువ్వు మనసు పాడుసేసుకోకు.

ఇప్పుడైనా సిరంజీవి అని రాయి.

నీ తమ్ముడు
లోకనాథ్


బరంపురం
30 నవంబరు

లోకనాథ్,

నేను వచ్చాను. నీకు చెప్పలేదు. నీ ఉత్తరం అందిన మర్నాడే కర్ర పట్టుకుని తాతారావు బస్సెక్కి దిగువ మడి గట్టు మీద నిలబడ్డాను. నువ్వు పురుషోత్తంపూర్ పోయి ఉన్నావట, మంచిదైంది.

కూర్మమ్మ గట్టు మీద కూచుని ఉంది. నన్ను చూసి లేవలేదు. ఎప్పుడూ లేచే మనిషి.

"ఒచ్చేరేటమ్మా? మీ మొక్కలు బాగున్నాయా? సూసుకోండి. పిట్టలు వాలకుండా కాపు కాసినాం" అంది.

కర్ర ఊనుకుని మడిలోకి వంగి చూశాను.

"నీళ్ళు కట్టింది నాను. ముట్టుకోవద్దన్నది బాబు. కావాలన్నది మీరు. ముగ్గురం కలిసి పండించేం. మరి తినీదేటమ్మా నాను? మీ తమ్ముడూ అప్పా బాగుంటే సాలా?"

నలభై ఏళ్ళ నుంచీ వేదికలెక్కి మాట్లాడుతున్నాను. ఆవిడ ముందు నుంచి కర్ర ఊనుకుంటూ బస్సు దగ్గరికి నడిచాను.

ఇప్పుడు నువ్వు చదువుకోవాల్సింది చదువుకో. మట్టి తోలమని నేను చెప్పింది నీ మేలు కోరి కాదు. నిన్ను నాశనం చెయ్యడానికి. ఎండకి గింజ చస్తుందని నువ్వన్నావు, నేను కాదనలేదు. నివ్వరి గింజ మట్టిలో ఏళ్ళ తరబడి నిద్రపోతుంది, వేసవి ఎండే దాన్ని లేపుతుంది. ఇంకో పది రోజులు ఎండనివ్వమన్నది అందుకే. ఏ మడీ వదలకు అన్నది అందుకే. నువ్వు పూడ్చిన గుంట నీ మళ్ళలోంచే లేచి, నీ శుద్ధ విత్తనాన్ని నీ కళ్ళ ముందే కొట్టేయించాలని కూచున్నాను. ఒక్క అబద్ధం ఆడకుండా నీ పంట తీసేద్దామనుకున్నాను. వేసవంతా నాకు హాయిగా నిద్రపట్టింది.

దిగువ మడి కూర్మమ్మదని తెలిసాక ఆ నిద్ర పోయింది. అప్పుడైనా ఫోను చేసి "పీకించరా" అని ఉంటే సరిపోయేది. చెయ్యలేదు. అలా చెబితే నువ్వూ బతికిపోతావు. నిన్ను ముంచి ఆవిడ్ని తేల్చాలని వంకరగా రాశాను. నువ్వు ఆ వంకరలో ప్రేమ వెతుక్కున్నావు. ఆఖరికి నువ్వు తేలావు, ఆవిడ మునిగింది.

ఇందులో నీ తప్పు లేదనుకోకు. నా మీద నీ ప్రేమ చూపించడానికి నీకు తొమ్మిది మళ్ళుండగా పరాయి మనిషి పాలు మడే దొరికింది. నా పగ వెళ్ళి పడ్డదీ అక్కడే. మన ఇంట్లో ప్రేమా పగా ఎవరి చేలో పండుతాయో ఇప్పుడు తెలిసిందా? నేను ఇన్నాళ్ళూ మీటింగుల్లో తిట్టింది నిన్నే అనుకున్నాను, నన్ను కూడానట.

నేను ఏడుస్తూ కూచునే రకం కాదని నీకు తెలుసు. మొన్న పురుషోత్తంపూర్‌లో రిజిస్ట్రీ అయింది. గుంటలో నా సగం, అంటే నీ కళ్ళంలో సగం, కూర్మమ్మ పేర రాసేశాను. వడియాలు పెట్టుకోమన్నావుగా, ఆవిడ పెట్టుకుంటుంది. ఇది దానమని ఊళ్ళో చెప్పుకోకు. ఆవిడకి పడ్డ నష్టానికి సమానమూ కాదు. నిన్ను నేను ఇంకా వదిలిపెట్టలేదు, అంతే. ఇకమీదట ప్రతి పంటకీ నువ్వు ఆ కళ్ళం అంచున నిలబడి, వాడుకోనా అని ఆవిడ్ని అడగాలి.

సిమెంటు పగలగొట్టి ఆ సగం మళ్ళీ గుంట చేస్తుందో, అలాగే ఉంచుతుందో ఆవిడ ఇష్టం. నివ్వరి కోసం తవ్వమని నేను చెప్పలేదు. చెప్పాలని నాలుక కొస దాకా వచ్చింది. నా సలహాతో పండిన పంట చూశాక నోరు రాలేదు.

హేమ


మనూరు
14 డిసెంబరు

అప్పా,

దండాలు అని రాసి కొట్టీసేను. కనపడుతున్నాదా? కనపడీలాగే కొట్టేను.

నీ ఉత్తరం మూడుసార్లు సదివేను. కుమారికి సూపించలేదు. మిరపకాయ బజ్జీ అన్నాను కదా నిన్ను, నా నోరు పడిపోను.

నిన్న నా ఇత్తనం కళ్ళానికి తెచ్చేను. మబ్బు పట్టున్నాది, తొందరగా ఆరబోయాల. కూర్మమ్మ అప్పటికే ఒచ్చి కూకున్నాది. కళ్ళం నడిమిన ముగ్గుతో గీత గీసింది, ఈ సివర నుంచి ఆ సివరకి. ఎంత తిన్నగా గీసిందంటే సర్వేయరు పనికిరాడు. గీతకి అటేపు దిగువ మడి ధాన్యం ఆరబోసింది. నీ నివ్వరి కలిసిన ధాన్యం. ఎర్ర మీసాలు పైకి లేసి నిలబడ్డాయి.

"కూర్మమ్మా, అది కాస్త దూరంగా తీయవే, ఇక్కడ ఇత్తనం పొయ్యాల" అన్నాను.

"పోసుకో బాబూ, నీ సగంలో నువ్వు పోసుకో. నానొద్దన్నానేటి?"

"గాలొస్తే నీ గింజలు నా వేపు ఒస్తాయి కదే!"

"ఒస్తే రానీ. అవి మీ అప్పగారివి. ముట్టుకోవద్దన్నావు కదా, నాను ముట్టుకోను."

సూరయ్య నవ్వేడు. నా జీతగాళ్ళూ నవ్వేరు. నా కళ్ళం మీద నన్ను సూసి!

వేరే సోటు లేదు. పోసేను. గాలొచ్చింది. మీసాలున్న గింజ ఎలాగ పాకుతాదో నీకు సెప్పక్కర్లేదు. ఒక్క గింజ కలిసినా ఆ బస్తా పోద్ది. నిన్న సాయంత్రం నుంచీ సీపురు పట్టుకుని గీత మీద నిలబడ్డాను. సోమేశ్వరరావు బండి దిగి సూసి "ఏటయ్యా, కాపలా కుర్రోడు దొరకలేదేటి?" అన్నాడు.

సివరికి కూర్మమ్మనే అడిగేను, దీనికి దారేటే అని. ఆరబోసిన ధాన్యం కాలితో కలుపుకుంటా, నా మొహం సూడకుండా అన్నాది: "నా సగం తవ్వీసి మళ్ళీ గుంట సేసీనా బాబూ? అప్పుడు గింజలు నీ వేపు రావు. కీర్తి ఫీజు కట్టీది ఎవరో సెప్పు, రేపే తవ్విస్తాను. లేదంటావా, ఏటా ఇలాగే ఆరబోసుకుందాం."

ఏటి సెప్పాలో తోచక ఇది రాస్తున్నాను. రాస్తున్నాను గానీ నిన్నడగడం లేదు. నువ్వేటీ సెప్పకు.

గాలి మళ్ళీ లేసింది. సీపురు పట్టుకోవాల.

లోకనాథ్